పల్లె బిడ్డ కళాశాలకు పోవు త్రోవ



నేను 36 సంవత్సరములు పల్లెటూరి ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. విద్య యొక్క గొప్పతనమును గూర్చి ఉపన్యసించుటకు నేనిప్పుడు రాలేదు. అది మీకు తెలియని విషయము కాదు. తెలియనిచో మీరు పొలము తాకట్టు పెట్టి పిల్లలను చదివింపరు. నేను చెప్పదలచినది అంతకంటె చిన్న విషయము. పదవ తరగతి చదువుచున్న పల్లె బిడ్డకును కళాశాల గడపకును నడుమ నున్న త్రోవలో ఎచ్చటెచ్చట గోతులున్నవో, వానిని పూడ్చుటలో ఊరి పెద్దలు చేయదగిన పని యేమున్నదో, నా కంటితో చూచినంతవఱకు విన్నవించెదను.

మాది ప్రకాశము జిల్లాలో పడమటి మెట్ట సీమ. వాన కురిసినచో కంది, జొన్న, పొగాకు, కురియనిచో వలస. మార్కాపురము మాకు దగ్గఱ. పలకలకు ఆ ఊరు పేరు పొందినదని మీరెఱుగుదురు. ఎన్నెన్ని యూళ్ళ బిడ్డలో ఓనమాలు దిద్దిన పలకలు మా సీమ రాతినుండి చీలినవే. అయినను ఆ రాతిని చీల్చిన కూలివాని కొడుకు కళాశాల మెట్టెక్కుట మాత్రము మా యూళ్ళలో నేటికిని ఒక వార్తయే.

మా జిల్లాకు ఏ మహనీయుని పేరు పెట్టిరో ఆ టంగుటూరి ప్రకాశము పంతులుగారి బాల్యము పెద్దలలో చాలమందికి తెలిసియే యుండును. తండ్రి పోయిన పిమ్మట తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూటి యిల్లు నడిపి బిడ్డలను పెంచినది. పరీక్షకు కట్టవలసిన మూడు రూపాయల రుసుము లేక ఆ బాలుడు బంధువుల యూరికి నడచిపోయి రిక్తహస్తములతో తిరిగివచ్చుటయు, కడపట తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ సొమ్ము తెచ్చుటయు ఆయన తన 'నా జీవిత యాత్ర'లో చెప్పికొనినారు. పిదప ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు ఆయనను రాజమహేంద్రవరమునకు తనవెంట తీసికొనిపోయి చదివించెను. 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యైన వాని వెనుక ఒక తల్లి చీరయు, ఒక పంతులు పూనికయు ఉన్నవి. మూడు రూపాయలు ఆనాడు కుదరకున్నచో ఏమగునో మీరే యూహింపుడు.

ఆ కాలమున పేద విద్యార్థులు వారములు చేసికొని చదివెడివారు. సోమవారము ఒకరి యింట, మంగళవారము వేఱొకరి యింట భోజనము. హైదరాబాదులో 1918లో రాజా బహదూరు వేంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి వసతిగృహము పల్లెలనుండి వచ్చిన బాలురకు నీడనిచ్చినది. అన్నము, నీడ అనునవి నాటి కొఱతలు. నా వంతునకు వచ్చునప్పటికి ఆ కొఱత కొంత తగ్గినది. నేను పొన్నూరు సంస్కృత కళాశాలకు పోవునాడు మా యూరి కరణముగారు ఒక రేకుపెట్టెయు, బస్సు ఖర్చులును ఇచ్చి, "అక్కడ ఆకలైతే సిగ్గుపడక అడిగి తినుము" అని చెప్పిరి. ఆ పెట్టె నేటికిని మా యింట నున్నది. దానిలో ఇప్పుడేమున్నదో తరువాత చెప్పెదను.

నేడు కళాశాలలు లేక కాదు, పథకములు లేక కాదు, మన బిడ్డలు నిలిచిపోవుట. సకాలమున చెప్పువాడు లేక నిలిచిపోవుచున్నారు. ఒక్క యుదాహరణము చూడుడు. ఎనిమిదవ తరగతి చదువు పేద పిల్లలకై కేంద్ర ప్రభుత్వము 2008లో ఒక ప్రతిభా ఉపకారవేతనమును ఏర్పఱచినది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడు పాఠశాలల పిల్లలు దానికి పరీక్ష వ్రాయవచ్చును. కుటుంబపు వార్షికాదాయము 3,50,000 రూపాయలకు మించరాదు. ఎంపికైన బిడ్డకు తొమ్మిదవ తరగతి మొదలు ఇంటరు ముగియువఱకు ఏటా 12,000 రూపాయలు వచ్చును. నాలుగేండ్లకు 48,000 రూపాయలు! పల్లెలో ఆ సొమ్ము ఒక బిడ్డను పనిలోనికి పోకుండ ఆపగలదు. నేను పనిచేసిన యొక పాఠశాలలో వరుసగా మూడేండ్లు ఒక్కరును ఆ పరీక్ష వ్రాయలేదు. కారణము, ప్రకటన వచ్చిన కాగితము బీరువాలో నుండుటయే. మఱియొక సంగతి: ఎంపికైన పిదప ఏటేట దానిని మరల నమోదు చేయించుకొనవలయును. మఱచినచో ఆ యేటి సొమ్ము రాదు. ఇది పిల్లవానికి గుర్తుండదు, తండ్రికి తెలియదు. ఎవ్వరో ఒకరు గుర్తుచేయవలయును గదా!

పదవ తరగతి ముగిసిన తరువాతి రెండు నెలలు పంట చేతికి వచ్చు కాలము వంటివి. అప్పుడు ఏమఱితిమా, చేనిలోనిది చేనిలోనే రాలిపోవును. పాలిటెక్నిక్కు ప్రవేశపరీక్ష ఆ కాలముననే వచ్చును. గురుకుల జూనియరు కళాశాలలలో చేరుటకు వేఱొక పరీక్ష యున్నది. అందు ఎంపికైనవారికి చదువు, వసతి, భోజనము ఒకచోటనే లభించును. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో నెలకొల్పబడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయమును పల్లెలవారు ట్రిపులైటీ యందురు. అది పల్లె పిల్లలను మనస్సులో నుంచుకొని పెట్టినదే. పదవ తరగతి మార్కులను బట్టి చేర్చుకొని, ఆఱేండ్లు అచ్చటనే ఉంచి, ఇంజనీరింగు పట్టముతో పంపుదురు. సర్కారు బడి పిల్లలకు మార్కుల లెక్కలో కొంత అదనపు చేర్పు కూడ నిచ్చిరి. బాసర ఇప్పుడు తెలంగాణములో నున్నది. ఆంధ్రప్రదేశములో తరువాత శ్రీకాకుళము, ఒంగోలు కేంద్రములును చేరినవి. బాలికలకు కస్తూరిబా విద్యాలయములు 2004లో ఆరంభమైనవి. తొలుత ఎనిమిదవ తరగతివఱకే యుండినవి, ఇప్పుడు పెక్కింట ఇంటరు చదువు కూడ కలదు. "మా యూరిలో కాలేజి లేదు, ఆడపిల్లను బస్సెక్కించి ఎట్లు పంపుదుము" అని మానిపించు తండ్రికి ఈ యొక్క మాట చెప్పినచో చాలును.

ఇక నా తప్పును చెప్పికొనెదను. ఇది చెప్పక నేను చెప్పునవన్నియు పైపై మాటలే యగును.

చాల యేండ్ల క్రిందట నా తరగతిలో ఒక బాలిక చదివెడిది. తండ్రి గొఱ్ఱెలు కాచువాడు. ఆమె పేరు చివర 'లక్ష్మి' యని యుండును; అంతకంటె చెప్పను. పద్యము ఒకసారి విన్నచో అప్పగించెడిది, లెక్కలలో నా సహోపాధ్యాయుని తప్పులు పట్టెడిది. పదవ తరగతి పరీక్షకు పంపు పేర్ల పట్టికను ఆ యేడు నేనే వ్రాసితిని. ఆంగ్లలిపిలో ఆమె పేరు వ్రాయుచు, గడులు చాలవని, 'క్ష' కారమునకు 'ఎక్స్' అను నొక్క యక్షరము వేసితిని. ఆమె కుల ధ్రువపత్రములో 'కె, ఎస్, హెచ్' అని మూడక్షరములున్నవి. క్ష యనగా కకార షకారముల సంయోగమని వందలమంది పిల్లలకు బోధించినవాడను నేను!

2009లో ఆమెకు ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో మంచి స్థానము వచ్చినది. పత్రముల పరిశీలనకు పోయినప్పుడు, ఈ పేరును ఆ పేరును ఒక్కటి కాదు, సరిచేయించుకొని రమ్మని అచ్చటివారు చెప్పిరి. కుల పత్రము చెల్లనిచో రుసుముల రాయితీ లేదు; రాయితీ లేనిచో గొఱ్ఱెల కాపరి బిడ్డకు ఆ చదువు లేదు. తండ్రి మూడు మారులు పట్టణమునకు పోయివచ్చెను. ఒక్కొక్క మారునకు ఒక్కొక్క గొఱ్ఱె. నాలుగవ మారు ఆయన పోలేదు. నాకీ సంగతి తెలియునప్పటికి సీట్ల పంపకము ముగిసినది. నేను పాఠశాలనుండి అర్జీ వ్రాయించి పంపితిని. సరిదిద్దిన పత్రము వచ్చినది కూడ. అది వచ్చునప్పటికి మాఘమాసములో ఆమెకు పెండ్లి యైనది. ఆ తండ్రి నన్నొక్క మాటయు అనలేదు. "రాత యట్లున్నది పంతులుగారూ" అనెను. రాత కాదు, నా వ్రాత అని నేనాయనకు చెప్పలేకపోతిని.

అందువలన పెద్దలను నేను మొదట వేడుకొనునది ఇదే. మీ వీథిలో తొమ్మిదవ, పదవ తరగతులు చదువు ప్రతి బిడ్డ పేరును మూడు కాగితములలో ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు: బడి రిజిస్టరు, ఆధారు, కుల ధ్రువపత్రము. ఇంటిపేరు ముందున్నదా వెనుకనున్నదా, తండ్రి పేరు ఒక్కరీతిగ నున్నదా, పుట్టిన తేదీ ఒక్కటేనా? పదవ తరగతి పత్రము అచ్చు కాకముందు దిద్దుట సులభము. అచ్చైన పిమ్మట అది యేండ్లమీది పని. ఆ పత్రములోని పుట్టిన తేదీయే జీవితాంతము బిడ్డ వెంట పోవును. ఆదాయ పత్రమునకు గడువుండును గనుక కళాశాలలో చేరుటకు కొంచెము ముందుగా తహసీలుదారు కార్యాలయమునుండి క్రొత్తది తీసికొనవలయును. స్థానికుడని నిర్ణయించుటకు ఆఱవ తరగతి మొదలు ఇంటరు వఱకు ఎచ్చటెచ్చట చదివెనో ఆ చదువు ధ్రువపత్రము లన్నియు అడుగుదురు. వలసపోయిన కుటుంబముల బిడ్డలకు చిక్కు వచ్చునది ఇచ్చటనే: ఒక యేడు గుంటూరు ప్రక్క, ఒక యేడు ఇంటికడ. బిడ్డ బడి మాఱినప్పుడే ఆ పత్రము తీసికొని దాచినచో తరువాత తిరుగుట తప్పును.

దాచుట యనగా ఇంటి వాసాల సందున దోపుట కాదు. ఎలుకయు వానయు చదువునకు చేసిన నష్టము లెక్కకు రాదు.

రెండవది పనికాలము. మా సీమలో పొగాకు రెలుపు, బ్యారనుల యొద్ద ఆకు కట్టుట, మాఘ ఫాల్గుణములలో ముమ్మరము. పడమటి కర్నూలు పల్లెలనుండి గుంటూరు మిరప కోతలకు కుటుంబములకు కుటుంబములే కదలిపోవునదియు ఇంచుమించు ఆ నెలలలోనే. పదవ తరగతి పరీక్ష మార్చి నెలలో. ప్రకృతి ఈ రెంటిని ఒకచోట కట్టినది, ఎవరిని తప్పుపట్టుదుము? కూలి పోగొట్టుకొను ఇంటిని "చదివించుము" అని గద్దించుట సులభము. నేను గద్దించి చూచితిని, ఫలితము లేదు. మా యూరి రైతు ఒకాయన వేఱు విధమున చేసెను. తన బ్యారనులో పదవ తరగతి పిల్లలను పనికి పెట్టుకొననని పొంగలి నాడే ప్రకటించి, వారి తల్లులకు మాత్రము ముందుగా పని యిచ్చెను. మఱునటి యేడు ఇంకొక యిద్దఱు ఆయనను జూచి అట్లే చేసిరి. వలస పోవు నింటి బిడ్డను మూడు నెలలు తన యింట నుంచుకొన్న అవ్వలు కూడ మా యూరిలో కలరు. వారములు చేసికొను పాత పద్ధతికి ఇది క్రొత్త రూపమని నాకు తోచును.

మూడవది భాష. తెలుగు పండితుడు ఈ మాట చెప్పుచున్నాడని నవ్వకుడు. పల్లె బిడ్డ పదివఱకు తెలుగున ఆలోచించి ఇంటరులో ఒక్కసారిగా ఆంగ్లపు నీటిలో దుముకును. తెలివిగల పిల్లలు ఆ మొదటి మూడు నెలలలో "నాకు రాదు" అని తేల్చుకొని వెనుకకు వచ్చుట నేనెఱుగుదును. వారికి విషయము తెలియును, మాట తెలియదు. ఇటీవలి పాఠ్యపుస్తకములలో ఒక ప్రక్క తెలుగు, ఎదుటి ప్రక్క ఆంగ్లము ముద్రించుచున్నారు. అది మంచి పని. కాని పెక్కుమంది ఒక ప్రక్కనే చదివి రెండవ ప్రక్కను త్రిప్పివేయుదురు. వేసవిలో రోజునకు పది మాటల చొప్పున రెండు ప్రక్కలను కలిపి చదివించినచో చాలును. త్వరణము తెలిసిన బాలునకు 'ఆక్సిలరేషన్' నేర్చుట యొక పూట పని. దీనికి పండితుడు అక్కఱలేదు. డిగ్రీ చదివి ఊరిలో ఖాళీగా నున్న కుఱ్ఱవాడు చాలును. వానికిని కాలక్షేపమగును, గౌరవమును కలుగును.

మేము ఈ పనులన్నియు మా యూరి గ్రంథాలయపు అరుగుమీద చేయుచున్నాము. నేను విశ్రాంతి పొందిన పిమ్మట మొదలుపెట్టితిమి. దీపమునకు కరెంటు బిల్లు పంచాయతీ పెద్ద ఒకరు కట్టుచున్నారు. విశ్రాంత తపాలా ఉద్యోగి ఒకరు వార్తాపత్రికలలోని ప్రవేశ ప్రకటనలు కత్తిరించి, చివరి తేదీని ఎఱ్ఱ సిరాతో గోడమీద వ్రాయుదురు. కిరాణా దుకాణము కుఱ్ఱవాడు దరఖాస్తులు తన యంత్రములో నింపిపెట్టును. ప్రవేశపరీక్షల నాడు ఒక ట్రాక్టరు తెల్లవారుజామున పిల్లలను బస్సు రోడ్డు వఱకు దింపును. ఇందు ఎవరును గొప్ప దాతలు కారు.

ఒక సంగతి దాచను. తొలి నెలలో దళితవాడ పిల్లలు అరుగు క్రిందనే నిలిచి వినెడివారు. పిలిచినను ఎక్కరైరి. ఊరిలో ఇద్దఱు ముగ్గురు పెద్దలు ముఖము ముడుచుకొనిరి కూడ. నేను సంప్రదాయ శాస్త్రములు చదివినవాడను. మా యింట మడి ఆచారములు ఎఱుగుదును. అయినను ఆ పిల్లల సంకోచము వారి దోషము కాదని, అది మా యూరి దోషమని నాకు తోచినది. మఱునాడు చాపలు తీసి క్రింద వాకిటిలో పఱచి, నేను అచ్చటనే కూర్చుంటిని. అందఱును దిగివచ్చి నా చుట్టు కూర్చుండిరి. వారము గడచునప్పటికి వాన వచ్చినది. అందఱును ఒక్కసారిగ అరుగెక్కిరి. తరువాత ఎవరును దిగలేదు.

బిడ్డ కళాశాలలో చేరినంతనే మన పని తీఱినదని తలపకుడు. మొదటి నెల గండము. క్రొత్త భాష, క్రొత్త కూడు, చుట్టును పట్టణపు పిల్లలు. మా యూరినుండి పోయిన నలుగురు బాలురలో ఇద్దఱు ఒక యేడు వినాయక చవితికి ఇంటికి వచ్చి మరల పోనేలేదు. చదువు కష్టమని కాదు. ఒకనికి చెప్పులు తెగిపోయినవి, కొనుటకు అడుగలేకపోయెను. రెండవవాడు తోడులేక వచ్చెను. అప్పటినుండి మేమొక యేర్పాటు చేసికొంటిమి. ఎరువులకో, ఆసుపత్రికో, కోర్టు పనికో పట్టణమునకు పోవు పెద్ద ఎవరైనను అచ్చటి వసతిగృహమునకు పోయి మన బిడ్డను పేరుపెట్టి పిలిచి, కొంచెము సేపు కూర్చుండి రావలయును. వెంట ఇంటి మురుకులు పట్టుకొనిపోయినచో మఱియు మంచిది. తన కొఱకు ఊరు వచ్చినదని బిడ్డ అనుకొనును.

పోయిన కార్తీకమాసమున ఒక సాయంకాలము అరుగుమీద పదవ తరగతి పిల్లల పట్టికలు సరిచూచుచుండగా ఒక స్త్రీ కూతును వెంటబెట్టుకొని వచ్చినది. నేను గుర్తుపట్టలేదు. "నమస్కారము పంతులుగారూ, ఈ పిల్ల ఈ యేడు పది" అని కాగితములు నా ముందుంచినది. గొంతు విని ఎఱిగితిని. 2009 నాటి బాలిక. నాకు మాట రాలేదు. ఆమె నన్ను చూచి చిన్నగా నవ్వి, "ఈ పేరులో క్ష లేదండీ, చూచే పెట్టితిని" అనినది.

ఆధారులోని పేరును అక్షరమక్షరము ఆమె చదువుచుండగా నేను పట్టికలో వ్రేలుంచి చూచితిని. తండ్రి పేరులో ఒక్క యక్షరము తేడా కనబడినది. మఱునాడే ప్రధానోపాధ్యాయుని యొద్దకు పోయి దిద్దించితిమి. ఆ కాగితముల నకలు కరణముగారిచ్చిన రేకుపెట్టెలో భద్రపఱచితిని. ఆ పెట్టెలో ఇప్పుడు 23 మంది పిల్లల పత్రములున్నవి. వారిలో నలుగురి పేర్లు సరిపోలలేదు. ఇద్దఱివి దిద్దించుట యైనది. తక్కిన యిద్దఱి తండ్రులు గుంటూరు ప్రక్క కోతలకు పోయియున్నారు, వారికి కబురంపితిమి.